జన్మపాపం నేరమా, జబ్బా?

క్లుప్తంగా

మనిషి పాపంతో పుడతాడన్న క్రైస్తవ బోధను కొన్ని సంఘాలు క్షమించాల్సిన నేరంగా, కొన్ని వైద్యం చేయాల్సిన జబ్బుగా చెబుతూ వచ్చాయి. ఆత్మకూ ఒంటికీ ‘స్వస్థత’ అన్న ఒకే మాట వాడడంతో తెలుగులో ఈ రెండూ కలిసిపోతున్నాయి. రోగి మీద నింద పడేది ఆ కలయికలోనే. బైబిల్లో ఆ నిందకు గట్టి అభ్యంతరాలు ఉన్నాయి.

ఎవరికైనా జ్వరమొచ్చిందని తెలిస్తే తెలుగువాళ్ల నోట ముందు వచ్చే మాట ‘అయ్యో పాపం’. చెన్నైలో పక్కింటి తమిళావిడ కూడా ‘పావం’ అనే అంటుంది. ఎవడైనా ముసలి తల్లికి అన్నం పెట్టకపోతే అప్పుడూ అదే మాట: ‘పాపం మూటగట్టుకుంటున్నాడు’. జాలిపడడానికీ తప్పుపట్టడానికీ ఒకే మాట ఉన్న భాషలో ‘నువ్వు పాపంలో పుట్టావు’ అని ప్రసంగంలో వింటే ఏమని అర్థం చేసుకోవాలి? నేరస్థుడివి అనా, జాలిపడాల్సినవాడివి అనా?

మామూలు రోజుల్లో ఈ ప్రశ్న ఎవరికీ గుర్తుకు రాదు. ఇంట్లో బిడ్డ పుట్టినప్పుడో, ఎవరికైనా పెద్ద జబ్బు చేసినప్పుడో బయటికి వస్తుంది. చెన్నైలో తెలుగు క్రైస్తవులంతా ఒకే సంఘం వాళ్లు కారు. నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి తరాల క్రితం వచ్చి స్థిరపడిన బాప్టిస్టు కుటుంబాలు ఉన్నాయి. వాళ్లు పసిబిడ్డకు బాప్తిస్మం ఇవ్వరు, చర్చిలో ప్రతిష్ఠ ప్రార్థన చేయిస్తారు. ఊహ తెలిసి, తానుగా విశ్వసించాకే నీళ్లలో ముంచుతారు. 1947 సెప్టెంబరు 27న ఇదే నగరంలో, సెయింట్ జార్జ్ కెథడ్రల్‌లో ఏర్పడిన చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సి.ఎస్.ఐ.)లో పసిబిడ్డలకు బాప్తిస్మం ఉంది. లూథరన్లలోనూ ఉంది. క్యాథలిక్కులు దాన్నే జ్ఞానస్నానం అంటారు. సంఘాలు దాటి పెళ్లి జరిగిన ఇంట్లో మూడో నెల వచ్చేసరికి తాతయ్య ఒకటంటారు, అమ్మమ్మ ఒకటంటుంది. పేచీ వేడుక గురించే అయినట్టు కనిపిస్తుంది. లోపల ఉన్న అసలు ప్రశ్న వేరు: ఈ పసిగుడ్డుకు ఏం అంటుకుందని కడగాలి?

ఆదాము నుంచి అగస్టీన్ దాకా

‘జన్మపాపం’ అన్న మాట బైబిల్లో లేదు. దానికి ఆధారంగా చూపే వాక్యాలు ఉన్నాయి. ఆదికాండము 3వ అధ్యాయంలో ఆదాము, హవ్వ వద్దన్న పండు తిని ఏదెను తోటకు దూరమవుతారు. అక్కడ శాపం ఉంది, ప్రసవ వేదన ఉంది, ముళ్ల తుప్పలు ఉన్నాయి, మట్టిలో కలిసిపోవడం ఉంది. వాళ్ల దోషం పిల్లల లెక్కలో పడుతుందన్న మాట మాత్రం లేదు. 51వ కీర్తనలో ‘నేను పాపములో పుట్టినవాడను’ అని ఉంది కానీ, అది పశ్చాత్తాపంతో కుమిలిపోతున్న మనిషి గోడు. ఈ రెండు భాగాలనూ యూదులు కూడా చదువుతారు, వాళ్లలో జన్మపాప సిద్ధాంతం లేదు. చెడువైపు లాగే గుణం మనిషిలో ఉందంటారు, అది ఉన్నంత మాత్రాన దోషి అనరు. ఖురాన్‌లో ఆదాము తప్పు చేసి అక్కడికక్కడే క్షమాపణ పొందుతాడు. ఒకరి బరువు మరొకరు మోయరన్నది అక్కడి సూత్రం.

క్రైస్తవంలో ఈ బోధకు పునాది పౌలు రోమా సంఘానికి రాసిన లేఖ, 5వ అధ్యాయం 12వ వచనం. ఒక మనిషి ద్వారా పాపం, పాపం ద్వారా మరణం లోకంలోకి వచ్చాయని అందులో ఉంది. తర్వాత గ్రీకులో ‘ఎఫ్ హో’ అన్న చిన్న పదబంధం వస్తుంది. దాన్ని ‘ఎందుకంటే’ అనే అర్థంలో తీసుకునే పండితులే ఎక్కువ. పాత లాటిన్ అనువాదంలో అది ‘ఇన్ క్వో’ అయింది. దాన్ని ‘అతనిలో’ అని కూడా చదవవచ్చు. అలా చదివితే అందరూ ఆదాములోనే, ఆదాముతో పాటే పాపం చేసినట్టు అవుతుంది. ఉత్తర ఆఫ్రికాలో హిప్పో నగరానికి బిషప్పుగా ఉన్న అగస్టీన్ (354–430) అలాగే చదివారు. ఆయనకు గ్రీకు అంతంతమాత్రం. మన తెలుగు బైబిల్లో ఈ చోట ‘మనుష్యులందరు పాపము చేసినందున’ అని ఉంది. అంటే తెలుగు పాఠం గ్రీకు వైపు నిలబడింది, తెలుగు ప్రసంగం చాలాసార్లు లాటిన్ వైపు నడుస్తోంది.

అలాగని ఒక అనువాద పొరపాటు మీదే ఇంత సిద్ధాంతం లేచిందనడం సరికాదు. అగస్టీన్ దగ్గర మరో వాదన ఉంది. దాన్ని ఆయన ఆచారంలోంచి తీసుకున్నారు. అప్పటికే పసిపిల్లలకు బాప్తిస్మం ఇస్తున్నారు. బాప్తిస్మం పాపక్షమాపణ కోసం. మాటే రాని బిడ్డ ఏ పాపం చేసింది? చేసింది ఏమీ లేదు కాబట్టి అది సంక్రమించిందే అయి ఉండాలి. పెలేజియస్ అనే సన్యాసి దీన్ని ఒప్పుకోలేదు. ఆదాము మనకు చెడ్డ ఉదాహరణ మాత్రమే, మంచి ఎంచుకునే శక్తి ఎవరికి వారికి ఉందన్నాడు. 418లో కార్తేజి సభ, 431లో ఎఫెసు సభ పెలేజియస్ పక్షాన్ని తోసిపుచ్చాయి. తాతయ్యకూ అమ్మమ్మకూ మధ్య పేచీ అక్కడి నుంచే వస్తోంది. పసిబిడ్డల బాప్తిస్మం అన్న ఆచారాన్ని పక్కన పెట్టిన బాప్టిస్టులకు అగస్టీన్ వాదనలో సగం అవసరమే లేదు.

తర్వాతి మలుపులు త్వరగానే చెప్పుకోవచ్చు. 1530 ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటనలో లూథరన్లు, దేవుడి మీద భయం, నమ్మకం లేకుండా చెడు కోరికతో పుట్టడమే పాపమన్నారు. 1546లో ట్రెంట్ సభ దానికి కాథలిక్ జవాబు ఇచ్చింది: ఆదాము పాపం చూసి నేర్చుకునేది కాదు, సంతానం ద్వారా వచ్చేది, బాప్తిస్మంతో దోషం పోతుంది, చెడువైపు మొగ్గు మాత్రం మిగిలి ఉంటుంది. 1992 నాటి క్యాథలిక్ సత్యోపదేశ గ్రంథం ఇంకో అడుగు వేసి, ఇది ఆదాము సంతానంలో ఎవరికీ వ్యక్తిగత తప్పు కాదని, ‘చేసిన’ పాపం కాక ‘సంక్రమించిన’ స్థితి అని తేల్చింది. బాప్తిస్మం లేకుండా చనిపోయిన పసిబిడ్డలకు రక్షణ ఉందని ఆశించడానికి బలమైన కారణాలు ఉన్నాయని 2007లో వాటికన్ దైవశాస్త్ర సంఘం చెప్పింది. నేరం అన్న భాష పాశ్చాత్య సంఘంలోనే కొద్దికొద్దిగా మెత్తబడిందన్నమాట.

పరంగిమల మీద ఉన్న శిలువ

ఇంత గొడవా జరిగింది లాటిన్ చదివే సంఘాల్లో. తూర్పు సంఘాలు అగస్టీన్ దారిలో నడవలేదు. గ్రీకు ఆర్థడాక్సుల లెక్కలో ఆదాము నుంచి వారసత్వంగా వచ్చింది నేరం కాదు, చావు. చావు భయంతో మనిషి తన్ను తాను కాపాడుకోవాలని చూస్తాడు, ఆ తాపత్రయంలోంచి పాపాలు పుడతాయి. చర్చి అంటే న్యాయస్థానం కాదు, వైద్యశాల అన్న పోలిక 4వ శతాబ్దంలో క్రిసోస్తోము అనే గ్రీకు బోధకుడి ప్రసంగాల నుంచి వచ్చింది. అంతకు ముందే, 2వ శతాబ్దం మొదట్లో, అంతియొకయ బిషప్పు ఇగ్నేషియస్ ప్రభువు బల్ల (యేసు చివరి భోజనాన్ని గుర్తుచేసుకునే ఆచారం)లోని రొట్టెను ‘అమరత్వపు మందు’ అన్నారు. సిరియా భాషలో పాటలు కట్టిన ఎఫ్రేము క్రీస్తును ‘జీవౌషధం’ అంటూ పదేపదే పాడారు.

ఈ సిరియా ధోరణికి చెన్నైలోనే ఒక రాతి సాక్ష్యం ఉంది. పరంగిమలపై, అంటే సెయింట్ థామస్ మౌంట్ మీద, చర్చిలో ఉన్న శిలువ చుట్టూ చెక్కిన అక్షరాలు పహ్లవీ లిపిలో ఉన్నాయి. సిరియా భాషలోనే ఆరాధించే పర్షియా వైపు సంఘాలతో సంబంధం ఉన్న క్రైస్తవులు పోర్చుగీసువాళ్లకు శతాబ్దాల ముందే ఈ తీరంలో ఉన్నారనడానికి అది గుర్తు. 1547లో పోర్చుగీసువాళ్లకు అది తవ్వకంలో దొరికిందని చెబుతారు. ట్రెంట్ తీర్మానం అయిన మరుసటి ఏడే. యాదృచ్ఛికమే గానీ, జబ్బు భాష మాట్లాడే సంఘం వదిలి వెళ్లిన రాయి నేర భాషను స్థిరపరుస్తున్న సంఘం చేతికి చిక్కింది.

కర్మ కాదు, కుజదోషమూ కాదు

తెలుగు పాఠకుడికి అసలు చిక్కు ‘జన్మ’ అన్న మాటతో. అది వినగానే పూర్వజన్మ గుర్తొస్తుంది. గుడిలో ఆత్మప్రదక్షిణ చేస్తూ ‘యాని కాని చ పాపాని జన్మాంతర కృతాని చ’ అనుకోవడం అలవాటే. ఆ వెంటనే వచ్చే ‘పాపోహం పాపకర్మాహం పాపాత్మా పాపసంభవః’ వింటే అది 51వ కీర్తనకు దగ్గర బంధువులా ఉంటుంది. రెండింటిలోనూ భక్తుడు తాను పాపంలోంచి పుట్టానంటూ శరణు వేడుతున్నాడు. తేడా లెక్కలో ఉంది. కర్మలో ఎవరి ఖాతా వారిది, పాత జన్మలో చేసింది ఈ జన్మలో అనుభవించేదీ తానే. జన్మపాపంలో జన్మ ఒక్కటే, ఖాతా మొత్తం మనుషులందరికీ ఉమ్మడిది, మొదటి తప్పు చేసింది వేరొకరు. కర్మను బట్టి ఒకడి పుట్టుక ఎక్కువ, ఇంకొకడిది తక్కువ అనవచ్చు. జన్మపాపంలో ఆ వీలు లేదు.

దీనికి మన ఇళ్లలో కాస్త దగ్గరగా వచ్చేది జాతక దోషం. అమ్మాయికి కుజదోషం ఉందంటే ఆమె ఏదో తప్పు చేసిందని ఎవరూ అనరు. అది పుట్టుకతో ఉంది, పరిహారం కావాలి, అంతే. తూర్పు సంఘాలు చెప్పే జన్మపాపం ఈ పద్ధతిలోదే: నింద లేని లోపం. అయితే కుజదోషం కొందరికే ఉంటుంది కాబట్టి సంబంధాలు చెడతాయి. ఈ దోషం అందరికీ ఉంది, చూడవచ్చిన పెళ్లివారికి కూడా.

‘అందరికీ’ అన్న ఈ మాటకు తెలుగు నేల మీద ఒక ప్రత్యేక అర్థం వచ్చింది. అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లో నెల్లూరులో స్థిరపడింది. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. వారిలో అత్యధికులు మాదిగలు. అప్పటి సమాజంలో పుట్టుకతో మైల అంటగట్టింది కొన్ని కులాలకే. ‘అందరూ పాపం చేశారు, భేదం లేదు’ అన్న బోధ పైకి నిరాశగా వినిపిస్తుంది. పుట్టుకతోనే మైల మోస్తున్నవాళ్ల చెవికి అది తలకిందులుగా వినిపించి ఉండాలి: మైల కరణం గారికీ ఉందట, ఒకే నీళ్లలో మునగాలట. ఆ వైపు జిల్లాల నుంచి మద్రాసు వచ్చి వీధులు ఊడ్చే పనుల్లో కుదిరిన కుటుంబాలతో పాటు ఈ వినికిడీ నగరానికి వచ్చింది. దీనికి ఎదురు ప్రశ్నా ఉంది. 1980ల నుంచి ఎదిగిన దళిత దైవశాస్త్రానికి కీల్పాక్‌లోని గురుకుల్ లూథరన్ కళాశాల ఒక ముఖ్య కేంద్రం. పాపమంతా లోపలి విషయమే అని బోధిస్తే, పాపానికి గురైనవాణ్ణి కూడా పాపం చేసినవాడి పక్కనే నిలబెట్టి ఇద్దరినీ ఒప్పుకోమన్నట్టు అవుతుందని ఆ ధోరణి వాదిస్తుంది. చిన్న అభ్యంతరం కాదిది.

విశ్వాసం పని ఎలా చేస్తుందంటారు

నేరానికి విరుగుడు తీర్పు. రోమా లేఖ తెలుగు అనువాదంలో ‘నీతిమంతులముగా తీర్చబడి’ అని ఉంది. ‘తీర్చు’, ‘తీర్పు’ ఒకే వేరు మాటలు, కోర్టు వాసన తెలుగులోనే తగులుతుంది. మనిషి మంచివాడు అయ్యాక దేవుడు విడిచిపెట్టడు, క్రీస్తు నీతిని అతని ఖాతాలో వేసి ముందే విడిచిపెడతాడు, విశ్వాసం ఆ తీర్పును అందుకునే చెయ్యి. లూథరన్ల మూలపురుషుడు, జర్మన్ మత సంస్కర్త లూథర్ చెప్పింది స్థూలంగా ఇదే. ఆయనే 1515–16లో రోమా లేఖ మీద పాఠాలు చెబుతూ ఆసుపత్రి పోలిక తెచ్చారు: తప్పక నయం చేస్తానన్న వైద్యుణ్ణి నమ్మి, ఆయన చెప్పిన పత్యం పాటిస్తున్న రోగి ఒళ్లు చూస్తే రోగే, మాట చూస్తే ఆరోగ్యవంతుడే. నమ్మిన మనిషీ అంతే, ఒకేసారి పాపి, నీతిమంతుడు. నేర భాషకు పెద్ద ప్రతినిధులనుకునే ఇద్దరూ, అగస్టీన్, లూథర్, క్రీస్తును వైద్యుడనకుండా ఉండలేకపోయారు.

‘స్వస్థత’ మాట దగ్గర కాసేపు ఆగాలి. స్వ, స్థ: తనలో తాను నిలకడగా ఉండడం. ఆయుర్వేదం నుంచి వచ్చిన నిండైన మాట. లూథర్ మాత్రం జన్మపాపాన్ని ‘తనలోకి తాను వంగిపోయిన మనిషి’ అని వర్ణించారు. ఆయన దృష్టిలో రోగమే తనలో తాను ఉండిపోవడం. ఆ రోగం నయమవడానికి తెలుగు క్రైస్తవులు వాడుతున్న మాటకు మూలార్థం తనలో తాను ఉండడం. భాష ఇలాంటి తమాషాలు చేస్తుంది.

ఒంటికి స్వస్థత ఎలా వచ్చి చేరింది

సువార్తల్లో యేసు ‘నీ విశ్వాసము నిన్ను...’ అంటూ ఇద్దరు స్త్రీలతో మాట్లాడతారు. పన్నెండేళ్ల రక్తస్రావం ఆగిన ఆమెతో అన్నది తెలుగులో ‘స్వస్థపరచెను’ (మార్కు 5:34). పాపాత్మురాలని పేరుపడి ఆయన పాదాలు కన్నీళ్లతో తడిపిన ఆమెతో అన్నది ‘రక్షించెను’ (లూకా 7:50). గ్రీకులో రెండూ ఒకే క్రియ, ‘సోజో’. నయం చేయడం, కాపాడడం దానిలోనే ఉన్నాయి. అంటే ఒంటినీ ఆత్మనూ కలిపి చూసే తీరు తర్వాతివాళ్లు కల్పించింది కాదు, మూలంలోనే ఉంది.

రెండో ఆధారం యెషయా 53వ అధ్యాయం: ‘అతడు పొందిన దెబ్బలచేత మనకు స్వస్థత కలుగుచున్నది’. నగరంలో స్వస్థత కూటాల పోస్టర్ల మీద తరచూ కనిపించే వాక్యం ఇది. తమిళ పోస్టర్లలో స్వస్థతకు ‘సుగం’ అన్న మాట కనిపిస్తుంది. తమిళంలో సుగం అంటే ఆరోగ్యం, తెలుగులో సుఖం వేరు. చెన్నైలో పెరిగిన తెలుగు పిల్లలు ఈ రెండింటినీ కలిపేసుకోవడం మామూలే. కొత్త నిబంధనలోనే ఈ అధ్యాయానికి రెండు చదువులు ఉన్నాయి. మత్తయి 8వ అధ్యాయం దాన్ని రోగాలకు వర్తింపజేస్తుంది. పేతురు మొదటి లేఖ 2వ అధ్యాయం పాపాలకు వర్తింపజేస్తుంది.

చాలా శతాబ్దాలు పేతురు చదువే ముందు నడిచింది. 19వ శతాబ్దం చివర అమెరికాలో ఎ. బి. సింప్సన్ వంటి బోధకులు క్రీస్తు రక్షకుడే కాక స్వస్థపరిచేవాడు కూడా అని మత్తయి చదువును ముందుకు తెచ్చారు. పాపానికీ రోగానికీ సిలువ మీద ఒకేసారి వెల చెల్లిందన్న వాదన అలా బలపడింది. 1906లో లాస్ ఏంజెలెస్ అజూసా వీధిలో మొదలైన ఉజ్జీవం అనే భక్తి ఉద్యమం దాన్ని పెంతెకోస్తు సంఘాలతో పాటు లోకమంతా తిప్పింది. తెలుగులో సాక్ష్యం చెప్పే తీరు ఇక్కడి నుంచే రూపం దిద్దుకుంది: ముందు జబ్బు, ఆసుపత్రుల చుట్టూ తిరగడం, డాక్టర్లు చేతులెత్తేయడం, ప్రార్థన, విడుదల.

నింద మొదలయ్యే చోటు

వెల ఒకేసారి చెల్లిందన్న వాదనలో ఒక మెలిక ఉంది. పాపక్షమాపణ దొరికిందో లేదో బయటికి కనపడదు. కేన్సర్ తగ్గిందో లేదో స్కానింగ్‌లో కనపడుతుంది. రెండూ ఒకే విశ్వాసానికి ఒకే ఫలితమైతే, తగ్గని రోగి విశ్వాసం మీద అనుమానం తప్పదు. ‘ఇంకా ఏదో ఒప్పుకోని పాపం ఉంది’, ‘తరతరాల శాపం తెగలేదు’ అన్న మాటలు ఇక్కడ పుడతాయి. తండ్రుల దోషం మూడు నాలుగు తరాల దాకా అన్న నిర్గమకాండము 20వ అధ్యాయం మాట దీనికి ఆధారంగా తెస్తారు. పూర్వజన్మ పాపం వల్లే రోగమన్న పాత నమ్మకం ఊళ్లో ఎప్పటి నుంచో ఉండగా, కొత్త నింద దాని పక్కన సులువుగా ఒదిగిపోతుంది. పిల్లలు లేని ఆడవాళ్ల మీద, మానసిక జబ్బులున్నవాళ్ల మీద ఇది ఎక్కువ బరువు వేస్తుంది.

గ్రంథం చదివితే పరిస్థితి వేరుగా ఉంది. తండ్రులు పుల్లని ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్లు పులిశాయన్న సామెతను ఇక ఎవరూ అనకూడదని యెహెజ్కేలు 18వ అధ్యాయం నేరుగా కొట్టివేస్తుంది. పుట్టుగుడ్డిని చూసి ‘పాపం ఇతనిదా, కన్నవాళ్లదా’ అని శిష్యులు అడిగితే యేసు రెండూ కాదంటారు (యోహాను 9). సిలోయము గోపురం కూలి చనిపోయిన 18 మంది మిగతావాళ్లకంటే పాపులు కారంటారు (లూకా 13). పక్షవాత రోగితో ముందు ‘నీ పాపాలు క్షమింపబడ్డాయి’ అన్న సందర్భమూ ఉంది (మార్కు 2), నిజమే. కానీ అక్కడ కూడా క్షమాపణ, నయం కావడం రెండు వేర్వేరు మాటలుగా, ఒకదాని తర్వాత ఒకటిగా జరుగుతాయి. మనుషులంతా రోగం, చావు ఉన్న లోకంలో పుట్టారనడం ఒకటి. ఫలానా ఆయన కిడ్నీ ఫలానా పాపం వల్ల పాడైందనడం ఇంకొకటి. మొదటిది సిద్ధాంతం, రెండోదానికి సిద్ధాంతంలో చోటు లేదు.

ప్రార్థన ఒంటి మీద ఎంత పనిచేస్తుందో కొలవాలని చూసినవాళ్లూ ఉన్నారు. 2006లో అమెరికాలో 6 ఆసుపత్రుల్లో 1,802 మంది బైపాస్ ఆపరేషన్ రోగులపై చేసిన పరిశోధన ఫలితాలు వచ్చాయి. ప్రార్థన జరుగుతోందో లేదో తెలియనివాళ్లలో, నిజంగా ప్రార్థన జరిగిన గుంపులో 52 శాతం మందికి, జరగని గుంపులో 51 శాతం మందికి ఇబ్బందులు వచ్చాయి. ప్రార్థన జరుగుతోందని కచ్చితంగా తెలిసినవాళ్లలో అది 59 శాతం. ముక్కూమొహం తెలియనివాళ్లు దూరం నుంచి చేసిన ప్రార్థన గురించే ఇది చెబుతుంది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకునేవాళ్లు ఉంటే రోగికి టెన్షన్ తగ్గుతుందన్నది వేరే సంగతి. ఫ్రాన్సులోని లూర్దులో 1858 నుంచి స్వస్థతలు జరిగాయని చెప్పినవాళ్లు వేలల్లో ఉన్నా, వైద్యుల పరీక్ష దాటి క్యాథలిక్ చర్చి అద్భుతాలుగా ఒప్పుకున్నవి 70కి కొంచెం పైన మాత్రమే. చట్టం విషయానికొస్తే, మహిమతో రోగాలు నయం చేస్తామన్న ప్రకటనలపై మన దేశంలో 1954 నాటి చట్టంలోనే నిషేధం ఉంది.

నిజమైన నష్టం మందులు మానేసినప్పుడు జరుగుతుంది. టి.బి. మాత్రలు మామూలుగా 6 నెలలు వాడాలి. రెండో నెలకే దగ్గు తగ్గి ‘స్వస్థత వచ్చింది’ అనుకుని ఆపేస్తే మందులకు లొంగని టి.బి. తిరగబెట్టవచ్చు, ఇంట్లోవాళ్లకూ అంటవచ్చు. ఫిట్స్ మాత్రలు ఒక్కసారిగా ఆపడం ప్రాణం మీదికే తేవచ్చు. ఈ విషయంలో చాలా సంఘాల ఆచరణ పోస్టర్లకంటే నిదానంగా ఉంటుంది. నెల్లూరు, చిత్తూరు వైపు జనం రాయవేలూరు అని పిలిచే ఊళ్లో 1900లో ఐడా స్కడర్ అనే మిషనరీ డాక్టరమ్మ ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాలే నేటి క్రిస్టియన్ మెడికల్ కాలేజి (సి.ఎం.సి.). అక్కడ ప్రార్థనా ఉంది, ఆపరేషనూ ఉంది.

నూనె

యాకోబు లేఖ 5వ అధ్యాయం రోగి దగ్గరికి సంఘ పెద్దలు వెళ్లి నూనె రాసి ప్రార్థించాలంటుంది. రోగి లేస్తాడు, పాపం చేసి ఉంటే క్షమాపణ దొరుకుతుంది అంటుంది. ‘చేసి ఉంటే’ అన్న ఆ షరతును గమనించాలి, ప్రతి రోగికీ పాపం ఉందని అక్కడ ముందే అనుకోలేదు. ఈ నూనె క్యాథలిక్ సంప్రదాయంలో క్రమంగా చావు దగ్గరపడ్డవాళ్లకే పరిమితమైంది. తమిళంలో దాని పాత పేరే ‘అవస్తై పూసుదల్’, అంటే ప్రాణం పోయే అవస్థలో పూయడం. బతికించడానికి పుట్టిన ఆచారం పోయేవాళ్లను సాగనంపేదిగా మారింది. రెండో వాటికన్ సభ తర్వాత, 1972లో ఆరవ పౌలు పోపు దాన్ని తిరిగి వ్యాధిగ్రస్తుల అభ్యంగనంగా సవరించారు. ఇప్పుడు ఆపరేషన్‌కు ముందు కూడా అడిగి రాయించుకోవచ్చు. అయినా శాంతోమ్‌లోనో పెరంబూరులోనో పాతకాలపు ఇళ్లలో ఫాదర్ గారు నూనె సీసాతో గడప తొక్కితే, మంచం మీద ఉన్న పెద్దావిడ ముందు డాక్టరు ఏమన్నాడో చెప్పమని పిల్లల్ని నిలదీస్తుంది.